కారం ప్యాకెట్ తూకం ఎంత అటూఇటూ అవుతుంది? 68–95–99.7 సూత్రంతో అంచనా వేయడం ఎలా

గుంటూరులో ఇంటి దగ్గరే ఒక చిన్న కారం ప్యాకింగ్ యూనిట్ నడుపుతున్నారనుకోండి. యార్డు నుంచి తెచ్చిన మిర్చికి తొడిమలు తీయించి, ఎండబెట్టి, మిల్లు పట్టించి, అరకిలో ప్యాకెట్లు కట్టి బ్రాడీపేట కొట్లకు వేస్తున్నారు. ఒక కిరాణా కొట్టాయన అడుగుతాడు: "మీ ప్యాకెట్ తూకం ఎంత ఉంటుందండీ?" మీరు "సగటున 502 గ్రాములండీ" అంటారు. మీరు చెప్పింది నిజమే, కానీ దాంతో ఆయన పని జరగదు. ఆయన కొట్లో కారం కొనే మనిషి ఇంటికి తీసుకెళ్లేది ఒక్క ప్యాకెట్. అది 497 ఉండొచ్చా? 490 ఉండొచ్చా? వెయ్యి ప్యాకెట్లలో ఎన్ని 500కి తగ్గుతాయి? సగటు ఎంత కచ్చితంగా కట్టినా ఈ ప్రశ్నలకు జవాబు రాదు.

సగటుతో పాటు ఇంకొక్క అంకె చేతిలో ఉంటే వీటికి కాగితం మీదే జవాబు చెప్పొచ్చు. ఆ అంకె పేరు స్టాండర్డ్ డీవియేషన్. ఇంటర్ పుస్తకాల్లో ప్రామాణిక విచలనం అని చదువుకున్నదే. ఇక్కడ పొట్టిగా విచలనం అంటాను. ఒక్కో ప్యాకెట్ సగటుకు ఎంత దూరంగా పడుతోందో, ఆ దూరాలన్నిటికీ కలిపి ఒక మామూలు కొలత అనుకోండి.

సూత్రం ఇది. లెక్కలు గంట ఆకారంలో ఉంటే, అంటే మధ్యలో ఎక్కువగా పోగై రెండు పక్కలా సమానంగా పలచబడుతూ పోతుంటే, సగటుకు అటొక విచలనం, ఇటొక విచలనం దూరంలో సుమారు 68 శాతం ఉంటాయి. రెండేసి విచలనాల దూరంలో 95 శాతం ఉంటాయి. మూడేసి విచలనాల దూరంలో 99.7 శాతం, అంటే వెయ్యికి మూడు తప్ప అన్నీ ఉంటాయి. దశాంశాలతో చెబితే 68.27, 95.45, 99.73. ఈ గంట గీతను 1733లో అబ్రహం డి మోవర్ నాణేల ఎగరవేత లెక్కల్లోంచి రాబట్టాడు. 1809లో గాస్ దాన్ని ఖగోళ కొలతల్లో వచ్చే పొరపాట్లకు వాడాడు. చిన్న చిన్న కారణాలు చాలా కలిసి, ఒకటి పెంచుతూ ఇంకొకటి తగ్గిస్తూ ఉండే చోట ఈ ఆకారం వస్తుంది. ప్యాకెట్లు నింపడం సరిగ్గా అలాంటి పనే: గరిట కాస్త ఎక్కువ నిండుతుంది, పొడి కాస్త గుల్లగా ఉంటుంది, చెయ్యి కాస్త తొందరపడుతుంది.

ముందు తూకం, ఆ తర్వాతే లెక్క

30 ప్యాకెట్లు తీయండి. అన్నీ ఒకే వరసలో తీయకండి. పొద్దున కొన్ని, భోజనాల తర్వాత కొన్ని, పని కట్టేసే ముందు కొన్ని తీయండి. వరసగా తీసిన 30 ప్యాకెట్లు ఆ అరగంట సంగతే చెబుతాయి. అప్పుడు విచలనం ఉన్నదానికంటే తక్కువగా కనిపించి, లేని ధైర్యం వస్తుంది.

కాటాను కదలని బల్ల మీద పెట్టి ఫ్యాన్ కట్టేయండి. డిజిటల్ కాటా మీద గాలి తగులుతుంటే చివరి అంకె ఊగుతూనే ఉంటుంది. ఖాళీ కవరు బరువు ముందే చూసి తీసేయండి, మనకు కావాల్సింది లోపలి కారం బరువు. కాటా గ్రాము వరకైనా చూపించాలి. ఐదు గ్రాముల చొప్పున చూపించే కాటాతో ఈ పని చేయొద్దు, తేడాలన్నీ అందులోనే కలిసిపోతాయి.

ఇప్పుడు ఒక కాగితం మీద బరువులు పై నుంచి కిందికి వరసగా రాసి, ప్యాకెట్‌కో చుక్క పెట్టుకుంటూ వెళ్లండి. ఉదాహరణకు ఇలా వచ్చిందనుకుందాం:

496 ●
497
498 ●●
499 ●●
500 ●●●
501 ●●●●
502 ●●●●●●
503 ●●●●
504 ●●
505 ●●●
506 ●●
507 ●

దీన్ని ఒక నిమిషం తేరిపార చూడండి. మధ్యలో ఒకే గుట్ట ఉంది. రెండు పక్కలా దాదాపు ఒకేలా తగ్గుతోంది. 504 దగ్గర కాస్త సన్నగా ఉందే అని కంగారు పడనక్కర్లేదు, 30 చుక్కల్లో ఆ మాత్రం ఎగుడుదిగుడు సహజం. మనం వెతకాల్సింది వేరే: రెండు గుట్టలు కనిపిస్తున్నాయా? ఒక పక్క తోక బాగా సాగిందా? ఒక చోట గోడ కట్టినట్టు ఆగిపోయిందా? వీటిలో ఏదున్నా సూత్రం పక్కన పెట్టేయండి. ఈ చుక్కల పని దాటేసి నేరుగా కాలిక్యులేటర్ తీసేవాళ్లే ఎక్కువ. నా దృష్టిలో మొత్తం పద్ధతిలో వదలకూడని మెట్టు ఇదే. ఆకారం సరిగా లేకపోతే తర్వాత ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టినా వచ్చే శాతాలు ఒట్టివే.

రెండు గుట్టలు వస్తే దానికి చాలాసార్లు తేలికైన కారణమే ఉంటుంది: ఇద్దరు మనుషులు నింపుతున్నారు, ఇద్దరి చెయ్యీ వేరు. అప్పుడు ఎవరి ప్యాకెట్లు వాళ్లవి విడిగా తూచండి. ఇద్దరివీ కలిపేస్తే ఇద్దరిలో ఎవరికీ సరిపడని అంకె వస్తుంది. తేజ కాయలూ సన్నాలూ అని రెండు రకాల మిర్చి కలిసిన కుప్పలో కాయ పొడవులు కొలిచినా ఇదే జరుగుతుంది.

సగటు, విచలనం

మన 30 ప్యాకెట్ల మొత్తం 15,060 గ్రాములు. 30తో భాగిస్తే సగటు 502.

ఇక ప్రతి ప్యాకెట్ 502కి ఎంత దూరమో చూసి, ఆ దూరాన్ని దానితోనే గుణించండి. 496 ప్యాకెట్‌కు దూరం 6, కాబట్టి 36. రెండు 498లకు 16 చొప్పున 32. ఇలా అన్నీ కూడితే 198 వస్తుంది. దీన్ని 30తో కాకుండా 29తో భాగించండి. ఎందుకంటే దూరాలు కొలిచిన సగటు కూడా ఈ 30 ప్యాకెట్ల నుంచే వచ్చింది, అందుకని దూరాలు ఉండాల్సిన దానికంటే కొంచెం తక్కువగా కనిపిస్తాయి, ఆ లోటు ఇలా సర్దుతాం. 198ని 29తో భాగిస్తే 6.83. దాని వర్గమూలం 2.6. మన విచలనం 2.6 గ్రాములు.

చేత్తో వద్దనుకుంటే ఎక్సెల్‌లో బరువులన్నీ ఒక వరసలో కొట్టి ఎస్‌టీడీఈవీ ఫార్ములా పెడితే అదే చెబుతుంది. ఫోన్ కూడా చేతిలో లేకపోతే ఇంకో దారి ఉంది: 30 ప్యాకెట్లలో అన్నిటికంటే పెద్ద బరువులోంచి చిన్న బరువు తీసేసి 4తో భాగించండి. 507లోంచి 496 తీస్తే 11, నాలుగో వంతు 2.75. అసలు లెక్కకు ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి. కానీ ఈ 4 అనేది 30 ప్యాకెట్ల చుట్టుపక్కల సంఖ్యకే పనికొస్తుంది. పది ప్యాకెట్లే ఉంటే 3తో భాగించాలి. వందలు ఉంటే 5 పైనే పెట్టుకోవాలి.

పరిధులు రాయడం

ఇప్పుడు కూడికలూ తీసివేతలే:

ఒక విచలనం: 499.4 నుంచి 504.6 – సుమారు 68 శాతం
రెండు విచలనాలు: 496.8 నుంచి 507.2 – సుమారు 95 శాతం
మూడు విచలనాలు: 494.2 నుంచి 509.8 – దాదాపు అన్నీ

వెంటనే మన చుక్కలతో సరిచూడండి. మొదటి పరిధిలో 500 నుంచి 504 దాకా 19 ప్యాకెట్లున్నాయి, అంటే 63 శాతం. రెండో దాంట్లో 29, అంటే 97 శాతం. మూడో దాంట్లో మొత్తం 30. సూత్రం చెప్పిన దానికి దగ్గరగానే ఉంది. మొదటి పరిధిలో పన్నెండో పదమూడో మాత్రమే పడి ఉంటే, అది గంట ఆకారం కాదని మళ్లీ చుక్కల దగ్గరికి వెళ్లాలి.

కొట్టాయనకు ఇప్పుడు చెప్పగలిగే జవాబు: "నూటికి తొంభై అయిదు ప్యాకెట్లు 497కీ 507కీ మధ్య ఉంటాయండీ."

అయితే ఈ హద్దుల్ని రాతి మీద గీసిన గీతల్లా పట్టుకోకండి. 30 ప్యాకెట్ల నుంచి వచ్చిన 2.6 కూడా ఒక అంచనాయే. నిజమైన విచలనం 2 దగ్గరా ఉండొచ్చు, 3.3 దగ్గరా ఉండొచ్చు. అందుకే "496.8" అని దశాంశం దాకా బయట చెప్పకండి, "ఇంచుమించు 497" అంటే చాలు. ఇంకొంచెం గట్టి అంకె కావాలంటే వంద ప్యాకెట్లు తూచండి.

ఒక పక్కే కావాలంటే

తక్కువ తూకం గురించి అడుగుతున్నప్పుడు మనకు ఎడమ పక్క చాలు. గంట రెండు పక్కలా సమానం కాబట్టి శాతాల్ని సగం చేసుకోవచ్చు. సగటు నుంచి ఒక విచలనం దాకా ఒక్కో పక్క 34 శాతం. ఒకటి నుంచి రెండు దాకా 13.5. రెండు నుంచి మూడు దాకా 2.35. ఆ బయట 0.15. ఈ నాలుగు అంకెలు గోడ మీద రాసి పెట్టుకోదగ్గవి.

497కీ 504.6కీ మధ్య ఎన్ని ఉంటాయి? 497 అంటే దాదాపు రెండు విచలనాలు కింద, 504.6 ఒక విచలనం పైన. 13.5, 34, 34 కలిపితే 81.5 శాతం.

ఇక అసలు ప్రశ్న. 500కి తగ్గేవి ఎన్ని? 499.4కి కింద 13.5, 2.35, 0.15 కలిపి 16 శాతం ఉంటాయి. 500 దానికి కాస్త పైన ఉంది కాబట్టి, 500కి తగ్గేవి 16 శాతం కంటే ఎక్కువే. వెయ్యి ప్యాకెట్లు వేస్తే నూట అరవైకి పైగా తక్కువ తూకంతో వెళుతున్నాయన్నమాట. సగటు 502 అని ధీమాగా చెప్పిన యూనిట్ నుంచే!

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. 2011 ప్యాకేజ్డ్ కమాడిటీస్ నిబంధనల ప్రకారం 500 గ్రాముల ప్యాకెట్‌కు 15 గ్రాముల దాకా లోటును పొరపాటు కింద సహిస్తారు. మన సగటు 500 పైనే ఉంది. 485 అనేది మన సగటుకు ఆరు విచలనాలకు పైగా దూరం, అక్కడిదాకా ఏ ప్యాకెట్టూ పోదు. కాబట్టి తూనికల కొలతల ఇన్‌స్పెక్టర్ వచ్చినా టెన్షన్ పడనక్కర్లేదు. కానీ కవరు మీద 500 అని అచ్చు వేసి, ఆరింట ఒకరికి తగ్గించి ఇవ్వడం నాకు మటుకు ఒప్పుకోబుద్ధి కాదు. కొనేవాళ్లలో ఇంట్లో కాటా ఉన్నవాళ్లు తక్కువ. వాళ్ల తరఫున ఆ లెక్క మనమే చూడాలి.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది సగటును జరపడం. 500 అనేది సగటుకు రెండు విచలనాలు కింద పడేలా చూస్తే తక్కువ తూకం ప్యాకెట్లు 2.5 శాతానికి దిగుతాయి. 500కి 5.2 కలిపితే సగటు 505.2 కావాలి. ఇప్పటికంటే ప్యాకెట్‌కు 3.2 గ్రాములు ఎక్కువ, వెయ్యి ప్యాకెట్లకు 3.2 కిలోల కారం. కిలో 400 రూపాయలు అనుకుంటే 1,280 రూపాయలు. మూడు విచలనాలు కావాలంటే సగటు 507.8 పెట్టాలి, ఖర్చు ఇంకా పెరుగుతుంది.

రెండో దారి విచలనాన్ని తగ్గించడం. నాకు నచ్చేది ఇదే. పొడిని నింపే ముందు గడ్డలు లేకుండా జల్లించడం, గరిట మీద పైకి పేరుకున్నది ఒకే పుల్లతో చదును చేయడం, చివరి రెండు చెంచాలు కాటా మీదే పోయడం లాంటి వాటితో విచలనం 2.6 నుంచి 1.3కి దిగిందనుకోండి. అప్పుడు సగటు 502.6 ఉంటే చాలు, 500కి తగ్గేవి 2.5 శాతమే. ఇప్పుడున్న 502కి అరగ్రాము పైచిలుకు కలిపితే సరిపోతుంది. కొనేవాళ్లకు న్యాయం జరుగుతుంది, మీ కారం కూడా మిగులుతుంది.

టిక్కీల (మిర్చి బస్తాల) లోడు: పరిధుల్ని కూడకండి

ఇదే సూత్రాన్ని వెనక నుంచి కూడా వాడొచ్చు. యార్డులో అనుభవం ఉన్న ముఠా మేస్త్రి "దాదాపు అన్ని టిక్కీలూ 40 నుంచి 46 కిలోల మధ్యే పడతాయి" అన్నాడనుకుందాం. దాన్ని 95 శాతం కింద తీసుకోండి. మధ్య అంకె 43 సగటు. 40కీ 46కీ ఉన్న దూరం నాలుగు విచలనాలు, కాబట్టి ఒక విచలనం 1.5 కిలోలు. జనం "దాదాపు అన్నీ" అన్నప్పుడు మనసులో ఉండేది ఎక్కువగా 95 శాతమే తప్ప 99.7 కాదు, కాబట్టి 6తో భాగించకుండా 4తో భాగించడమే క్షేమం.

ఇప్పుడు మినీ లారీలో 30 టిక్కీలు వేస్తే బరువు ఎంత ఉండొచ్చు? 40 ముప్పైలు 1,200, 46 ముప్పైలు 1,380, కాబట్టి ఈ రెంటి మధ్య అనడం చాలామంది చేసే పని. కానీ ముప్పై టిక్కీలూ ఒకేసారి తేలికవి పడటం జరగదు. బరువైనవి కొన్ని, తేలికవి కొన్ని కలిసి ఒకదాన్నొకటి సర్దుకుంటాయి. అందుకే విచలనాన్ని 30తో కాకుండా 30 వర్గమూలంతో గుణించాలి: 1.5ను 5.48తో గుణిస్తే 8.2 కిలోలు. మొత్తం సగటు 1,290. 95 శాతం పరిధి 1,274 నుంచి 1,306 కిలోలు. 180 కిలోల వెడల్పున్న అనుమానం 32 కిలోలకు దిగింది.

దీనికో షరతుంది. ఒక టిక్కీకీ ఇంకో టిక్కీకీ సంబంధం ఉండకూడదు. ముప్పై టిక్కీలూ ఒకే రైతువి, అన్నీ తేమ మీద తొక్కినవి అయితే అన్నీ కలిసే బరువెక్కుతాయి. అప్పుడు వర్గమూలం లెక్క చెల్లదు.

ఎక్కడ వాడకూడదు

విజయవాడ నుంచి గుంటూరు బస్సు ప్రయాణానికి ఎంత సేపు పడుతుందన్నది గంట ఆకారంలో ఉండదు. రోడ్డు ఎంత ఖాళీగా ఉన్నా ఒక హద్దు కంటే తొందరగా రాలేం, ఆలస్యానికి మాత్రం హద్దు లేదు. తోక కుడి పక్కకు సాగుతుంది. మంచి స్కూల్లో పదో తరగతి మార్కులు దీనికి తలకిందులు, పైన గరిష్ఠం దగ్గర గుద్దుకుని ఆగిపోతాయి, తోక ఎడమకు ఉంటుంది. యార్డులో మిర్చి ధరలకూ ఈ సూత్రం పెట్టకండి. నేటి ధర నిన్నటి ధరను పట్టుకునే నడుస్తుంది, ఎగుమతి ఆర్డర్లు వస్తే ఒక్కసారి లేస్తుంది.

అన్నిటికంటే ప్రమాదం వరద లెక్కల్లో. ప్రకాశం బ్యారేజీకి ఏడాదిలో చాలా రోజులు వచ్చే నీరు కొద్దిగానే ఉంటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో అక్కడే 11.4 లక్షల క్యూసెక్కులు దాటింది. రోజువారీ ప్రవాహాల సగటుకు మూడు విచలనాలు కలిపి, ఇంతకు మించి రాదని ఎవరైనా గీత గీస్తే ఆ గీతను నమ్మి నదీ తీరంలో ఇల్లు కట్టుకున్నవాళ్లు మునుగుతారు. వరదలకు వేరే లెక్కలున్నాయి, అవి అరుదైన పెద్ద సంఘటనల కోసమే తయారుచేసినవి.

ఆకారం ఏమిటో తెలియనప్పుడు, లేదా గంట కాదని తేలినప్పుడు, పూర్తిగా చేతులెత్తేయనక్కర్లేదు. రష్యా గణితవేత్త చెబిషేవ్ 1867లో నిరూపించిన ఒక ఫలితముంది: ఆకారం ఏదైనా సరే, సగటుకు రెండు విచలనాల లోపల కనీసం 75 శాతం, మూడు విచలనాల లోపల కనీసం 89 శాతం ఉండి తీరాలి. 95, 99.7 అంత బిగుతుగా లేదు గానీ, ఇది చేతిలో ఉన్న లెక్కల గురించి ఎప్పుడూ అబద్ధం చెప్పదు.

రోజూ వాడుకోవడం

సగటు 505.2కు మార్చారనుకుందాం. విచలనం ఇంకా 2.6 అయితే మూడు విచలనాల హద్దులు 497.4, 513. ఈ రెంటినీ ఒక గళ్ల పుస్తకంలో రెండు అడ్డగీతలుగా గీసి, మధ్యలో 505.2 దగ్గర ఇంకో గీత వేయండి. గంటకో ప్యాకెట్ తూచి చుక్క పెట్టండి. 1924లో అమెరికాలో వాల్టర్ షూహార్ట్ ఫ్యాక్టరీల కోసం మొదలుపెట్టిన పద్ధతి ఇదే.

చుక్క హద్దుల లోపల ఉంటే నింపే పద్ధతి మార్చకండి. 502 వచ్చిందని ఒక చెంచా పెంచి, 508 వచ్చిందని ఒక చెంచా తగ్గిస్తూ పోతే తేడాలు తగ్గకపోగా ఇంకా పెరుగుతాయి. మామూలుగా అటూఇటూ అయ్యేదానికి మీ దిద్దుబాట్లు కూడా తోడవుతాయి. చుక్క బయట పడితే మాత్రం పని ఆపి కారణం వెతకండి: కాటా కదిలిందా, కొత్త మనిషి కూర్చున్నారా, కొత్త మిల్లు పిండి మెత్తగా పడిందా. లోపలే ఉన్నా వరసగా ఎనిమిది చుక్కలు మధ్య గీతకు ఒకే పక్కన పడితే సగటు జారిందనే అర్థం, అప్పుడూ ఆగి చూడండి.

గరిట మారినా, మనిషి మారినా, మిర్చి రకం మారినా పాత విచలనం పనికిరాదు. మళ్లీ 30 ప్యాకెట్లు తూచి, మళ్లీ చుక్కలు పెట్టి, హద్దులు కొత్తగా గీసుకోండి.